ఇద్దరికీ ఒకటే నంబరు

బామ్మర్దీ, మీ అక్క పోయేముందు పంపిన చివరి కబురు నాకు అందకపోవడానికి కారణం నువ్వే.

ఆమె పనిచేసిన కొండమీది ఆసుపత్రిలో ఆమె స్థానంలో కొత్త నర్సు చేరింది. అక్కడ ఫోన్లు పలకవు, మనలాంటి ఔత్సాహికులు నడిపే హామ్ రేడియో మీదే ఇంటర్నెట్ నడవాలి. అది మళ్ళీ బిగించడానికి వెళ్తున్నాను. పదింటికి అక్కడినుంచి మెయిలు పంపుతాను. ఈలోగా నీ కంప్యూటర్ అడ్రసులో చివరనున్న అయిదు అంకె తీసేసి ఆరు పెట్టు. అయిదు నాది. స్పీడు ముట్టుకోకు. మన రేడియో గొంతు సవరించుకోకముందే కంప్యూటర్ మాట మొదలెడుతోంది, మొదటి ముక్క గాలికి పోతోంది. ఆ రెంటి మధ్య విరామం కాస్త పెంచు.

"బావా, అచ్చం నీ సెట్టింగులే దించేశా, పొల్లు పోలేదు" అని ఆనాడు మురిసిపోయావు. రెండు గుమ్మాలకు ఒకే నంబరు రాస్తే ఉత్తరం ఎక్కడ పడుతుంది? "ఆయాసంగా ఉంది, బండి తీసుకురండి" అని ఆమె మూడుసార్లు పంపింది. మూడూ నీ కంప్యూటర్లో పడ్డాయి. నువ్వు గదికి తాళమేసి ఆటకు పోయావు. నేను ఖాళీ తెర ముందు కూర్చుని, పనిలో ఉందిలే అనుకున్నాను.

అన్నం మూతపెట్టాను. తిన్నాకే కూర్చో, ఆకలేస్తే నీకు అంకెలు తడబడతాయి.

ఆ మూడు మెసేజీలు చెరపకు, నాకు చూపించనూ వద్దు. ఈ సంగతి నీ దగ్గర ఇక చచ్చినా ఎత్తను.