చావింటికి రెండు ఐసు దిమ్మలు

ఏలూరు జిల్లా భీమడోలు కాపురస్తుడు, యర్రంశెట్టి వీరాస్వామి కుమారుడు పురుషోత్తం, వయస్సు డెబ్బయ్యారు, తన చేత్తో రాసుకున్న వీలునామా. ఒంట్లో ఓపిక తగ్గింది గాని మతి తగ్గలేదు. ఎవరూ పక్కన కూర్చుని రాయించలేదు. నాది ఐదో క్లాసు చదువు, తప్పులుంటే సర్దుకోండి. దీన్ని అమలు చేసే బాధ్యత మా కోడలు గాయత్రిది.

1. ఇల్లు, వెనక పాక నా కొడుకు కృష్ణచైతన్యకు.

2. నా బావమరిది చిట్టిబాబుకు మా పెళ్ళి ఫొటో. అందులో మూడేళ్ళ చిట్టిబాబు వాళ్ళక్క సుబ్బలక్ష్మి కొంగు పట్టుకుని ఏడుస్తుంటాడు. అత్తిలిలో ఆవిడ పసుపు కుంకుమల ఎకరం అమ్మి ఐసు ఫ్యాక్టరీ పెట్టాం. అందుకే అతనికి పావు వాటా ఇచ్చాను. ఇప్పుడు పడగొట్టి ప్లాట్లు వేద్దామంటాడు. "అది మా అక్క ఎకరమండీ బావగారూ" అంటాడు. నిజమే. తిరిగి తేలేను.

3. ఫ్యాక్టరీలో ఇంకో పావు చైతన్యది. సగం నాది. ఆ సగం గురించి చెప్పాలి.

చైతన్య రొయ్యల కంపెనీతో కాంట్రాక్టు కుదిర్చాడు. జనవరి నుంచి జూన్ దాకా ప్రతి దిమ్మా వాళ్ళదే. పదకొండుమంది జీతాలు నిలబడింది దానివల్లే, కాదనను. మొదటి సంతకం నేనే పెట్టాను, చదవకుండా.

చావింటికి ఐసు ఊరికే ఇవ్వడం సుబ్బలక్ష్మి పెట్టిన ఆనవాయితీ. ముప్పయ్యేళ్ళు తప్పలేదు. నిరుడు మే నెలలో, కొల్లేటి లంక నుంచి ఏలూరుకు చేపల గంప తెచ్చే వెంకటనరసమ్మ ఆటో వేసుకుని వచ్చింది. భర్త పోయాడు, కూతురు చెన్నై నుంచి రావాలి, రెండు దిమ్మలు కావాలంది. "ఇవాళ అన్నీ కంపెనీవి పిన్నీ" అన్నాడు చైతన్య. ఆవిడ నావైపు తిరిగి, "మీరు చెప్పండి అయ్యగారూ" అంది.

నేను కంపెనీ లారీ టైర్లు చూస్తూ నిలబడ్డాను.

ఆటో ఖాళీగా పోయింది. ఆ ఎండకు ఆగలేక సాయంత్రమే తీసుకెళ్ళిపోయారట. కూతురు మర్నాడు వచ్చింది.

"ఒక్క మాట అనలేకపోయారా అండీ?" అంది సుబ్బలక్ష్మి. ఆ ఏడు కార్తీకంలో తను పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేది.

నా సగం వాటా వెంకటనరసమ్మకు రాస్తున్నాను. అమ్మాలన్నా, జనవరిలో కాంట్రాక్టు మళ్ళీ రాయాలన్నా ఆవిడ సంతకం కావాలి.

4. చైతన్యా, నువ్వు చెడ్డవాడివి కాదు నాన్నా. ఆ రోజు పెద్దవాణ్ణి నేను.

5. ఈ సంగతి వెంకటనరసమ్మను అడగలేదు. చేపల గంపలోకి ఐసుకు ఆవిడ మా ఫ్యాక్టరీకి రావడం మానేసింది, వెళ్ళి అడిగే మొహం నాకు లేదు. గాయత్రమ్మా, నువ్వే స్వయంగా వెళ్ళి చెప్పు. వద్దంటే ఆ వాటా చైతన్యకే చెందుతుంది, దిమ్మలన్నీ లారీకే పోతాయి. అయినా బతిమాలొద్దు. ఆవిడ లోపలికి వెళ్ళిపోతే, వాకిట్లో కాసేపు నిలబడి వచ్చెయ్యి.

భీమడోలు, 14 నవంబరు 2025.

(చేవ్రాలు) యర్రంశెట్టి పురుషోత్తం

సాక్షులు:
హర్షవర్ధన్, రిటైర్డ్ మాస్టారు
ఏసుకుమార్, ఫ్యాక్టరీ మిషను ఆపరేటరు