రాళ్ళు మార్చాక

ఫిబ్రవరి 9, శనివారం

వచ్చేశాను. రెండు సూట్‌కేసులు, ఆరడుగుల అక్వేరియం, అందులో ఒకే ఒక్క చేప. నలభై నాలుగేళ్ళకి మొదటిసారి పెళ్ళి చేసుకున్న మనిషి కాపురానికి తెచ్చుకున్న సామాను ఇంతే. అక్వేరియం ఎక్కడ పెట్టాలని అడిగితే మా ఆయన ఎవెనోర్ తన కూతురి వంక చూశాడు. ఇవానియాకి పదహారేళ్ళు. వెనకాల బట్టలుతికే గట్టు పక్కన పెట్టుకోండి దోన్యా నుబియా, అక్కడైతే ఎవరికీ అడ్డముండదు, అంది, పరాయి ఆడవాళ్ళని గౌరవంగా పిలిచినట్టు దోన్యా అంటూ. నన్ను కూడా అక్కడే ఉండమంటుందేమో అనుకున్నాను.

తర్వాత ఇల్లు చూపించింది. ఈ ఊగే కుర్చీ అమ్మది, గుమ్మం పక్కనే ఉండాలి. బల్ల ఇలాగే. అలమరా ఇలాగే. అమ్మ పోయి మూడేళ్ళయింది, ఏదీ కదల్లేదు, కదలదు కూడా, అంది. మ్యూజియంలో గైడ్ చెప్పినట్టు చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపాను.

ఫిబ్రవరి 12

కూర్చోవడానికి చోటు లేదు. ఇంట్లో కుర్చీలు ఎనిమిది.

ఫిబ్రవరి 17

ఉప్పు డబ్బా పొయ్యి పక్కన పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి పై అరలో ఉంది. ఎవెనోర్‌తో చెప్పాను. చిన్నపిల్ల, కాస్త ఓపిక పట్టవే అన్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి, తుప్పు వదిలేదాకా కూర్చోగలడు. నా వల్ల కాదు. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి పెరట్లోకి ఊరికే తిరుగుతున్నాను. మందుల షాపులోనే నయం, అక్కడ కౌంటర్ నాది.

కర్నల్ కూడా వారం నుంచి తిండి సరిగ్గా ముట్టలేదు. అక్వేరియంలో ఉన్న నా చేప, ఎర్ర మొహర్రా జాతి. నుదుటి మీద పెద్ద బొడిపె, ఎవరొచ్చినా అద్దం మీదికి దూకే రకం. ఆరేళ్ళుగా పెంచుతున్నాను. వాడికి ఈడు దాటిపోకముందే ఒక్కసారైనా పిల్లల్ని చూడాలని నా కోరిక.

ఫిబ్రవరి 23

మసాయా ఊళ్ళో దోన్ విల్‌ఫ్రెదో దగ్గర్నుంచి ఆడచేపని తెచ్చాను. ఈ చుట్టుపక్కల మొహర్రాని వేపుకు తినేవాళ్ళే గాని పెంచేవాళ్ళం మేమిద్దరమే. నాకు నేర్పింది ఆయనే. మధ్యలో అద్దం పలక పెట్టాను. కర్నల్ ఆ పలకని తలతో కుమ్ముతూనే ఉన్నాడు.

ఇవానియా మొదటిసారి వచ్చి నిలబడింది. ఎందుకలా చంపబోతున్నాడు అని అడిగింది. అది వాడి ఇంటికొచ్చింది కదా అన్నాను. మరి ఎందుకొచ్చినట్టు, అంది.

పలక గట్టిగా ఉందో లేదో మళ్ళీ చూశాను.

ఫిబ్రవరి 27, సాయంత్రం 4

నాలుగు రోజులు చాలు. రెండింటినీ తీసి చెరో బకెట్లో వేశాను. అద్దం తీసేసి, రాళ్ళన్నీ తారుమారు చేశాను, కుండ అటుది ఇటు తిప్పాను. రెండింటినీ ఒకేసారి వదిలాను. మొహర్రాలు పెంచేవాళ్ళందరూ చేసే పనే ఇది. పాతవాడికి తన చోటేదో తెలియకపోతే వాడూ కొత్తవాడే. ఇద్దరూ కొత్తవాళ్ళైతే పోట్లాట ఉండదు.

పాచిక పారింది! కర్నల్ తన గుహ కోసం గంటసేపు వెతికి, కొట్టడమే మర్చిపోయాడు. నేను చప్పట్లు కొట్టాను. ఇవానియా మాత్రం పాపం, వాడికి దారి తెలియట్లేదు, అని లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 7, ఉదయం 11

చేసేశాను! ఇవాళ షాపుకి సెలవు పెట్టాను. ఇవానియా స్కూల్లో ఉంది, ఎవెనోర్ లేక్ మీద పడవల పనిలో ఉన్నాడు. పొద్దున్నించీ ఒక్కదాన్నే లాగాను. అలమరాకే రెండు గంటలు పట్టింది. బల్ల ఆ చివరికి, ఊగే కుర్చీ పెరట్లో నీడకి. ఒక్క గ్లాసు పగల్లేదు. గాలి ఎంత బాగా వస్తోందో! ఈ ఇంటికొచ్చాక మొదటిసారి ఆకలేసింది. ఇక అందరం కొత్తవాళ్ళమే.

అదే రోజు, 3

వచ్చింది. బల్ల తగిలి ఇవానియా మోకాలు కొట్టుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీ ఉండే చోటికి వెళ్ళి ఉత్త నేల మీద కూర్చుంది. నేను ఏదో గాలి గురించి మాట్లాడాను. సిగ్గులేకుండా. లేచి, బ్యాగులో బట్టలు కుక్కుకుని వాళ్ళ మెల్బా పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది.

అదే రోజు, 6

ఎవెనోర్‌కి దారిలోనే తెలిసింది. మమ్మల్ని కూడా చేపలనుకున్నావా, అని ఒక్క మాట అన్నాడు.

మార్చి 8

అన్నీ వెనక్కి లాగాను. కుర్చీకి ఇబ్బంది లేదు, నేల పలకల మీద అది ఊగి అరిగిన గుర్తులున్నాయి. మిగతావి ఎక్కడుండేవో కచ్చితంగా తెలియడం లేదు. నెల రోజులు చూసిన ఇల్లు. చూడలేదన్నమాట.

మార్చి 10

మెల్బా కబురు. నేను ఇంట్లో ఉంటే పిల్ల రాదట. పిల్ల మాటేనట. ఎవెనోర్ నేల చూస్తూ చెప్పాడు. అయితే నేనే పోతాను, అన్నయ్య ఇంట్లో గదుంది అన్నాను. వద్దంటాడని చూశాను. అనలేదు. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది, కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను. దోన్ విల్‌ఫ్రెదోకి ఫోన్ చేసి, నా సామాను, చేపలు తీసుకెళ్ళడానికి పికప్ బండి తెమ్మన్నాను.

మార్చి 11

గుడ్లు పెట్టింది. ఇవాళే పెట్టాలా! బల్లపరుపు రాయి నిండా. ఆడది రెక్కలతో విసురుతోంది, కర్నల్ కాపలా. దోన్ విల్‌ఫ్రెదో ఫోన్లో కేకలేశాడు. ఇప్పుడు కదిపితే అవే గుడ్లు తినేస్తాయి అమ్మాయ్, పిల్లలు ఈదేదాకా ఆగు, ఇరవై మూడున వస్తాను, అన్నాడు. ఎవెనోర్‌కి చెప్పాను. అయితే అప్పటిదాకా ఉంటావన్నమాట, అన్నాడు. అందులో సంతోషం ఉందేమోనని రోజంతా వెతుక్కున్నాను.

మార్చి 14

గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. అమ్మ ఒక్కొక్కదాన్నీ నోట్లో పెట్టుకుని ఇసక గుంటలోకి మారుస్తోంది.

మార్చి 17

ఇవానియా యూనిఫాం కోసం వచ్చింది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. బల్ల ఈడుస్తున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ ఈడ్చింది. మళ్ళీ ఆగింది. ఇక ఉండబట్టలేక వెళ్ళాను.

బల్ల పట్టుకుని ఏడుస్తోంది. ఎక్కడుండేదో నాకూ తెలియట్లేదు, అంది. అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ పోయిన రోజు శవపేటిక పెట్టడానికి ఇరుగుపొరుగు సామానంతా పెరట్లో పడేశారట. తొమ్మిది రోజుల ప్రార్థనలయ్యాక ఎవరి దారిన వాళ్ళు పోయారు. నాన్న లేక్ మీదే ఉండిపోయాడు. పదమూడేళ్ళ పిల్ల ఒక్కతే అన్నీ లోపలికి లాగిందట. గుర్తున్నంత వరకు. బల్ల సంగతి అప్పుడే అనుమానమేనట. అమ్మ పెట్టినట్టు లేదేమో, ఎవరికీ చెప్పకండి, అంది.

నేను పాడుచేసింది వాళ్ళమ్మ అర్లెన్ సర్దిన ఇల్లు కాదు. ఈ పిల్ల సర్దుకున్న ఇల్లు.

క్షమించమన్నాను. నేను ఒక్కదాన్నే లాగాను, నువ్వూ ఒక్కదానివే లాగావు, అలమరా ఎంత బరువో నాకు తెలుసు, అన్నాను. ఏడుపులోనే ఫక్కున నవ్వింది. ఆ అలమరా నా గోరు పీకేసింది తెలుసా, అంది. బల్ల చెరో పక్క పట్టుకున్నాం. ఎక్కడ అన్నాను. ఏమో, ఇక్కడ పెడదాం, అంది. పెట్టాం. యూనిఫాం తీసుకుని పిన్ని ఇంటికే వెళ్ళింది.

మార్చి 19

ఈదుతున్నాయి. రెండు మూడు వందలుంటాయి. తల్లి ఒంటిమీద, కర్నల్ ఒంటిమీద జిగురు కొరుక్కుతింటున్నాయి. అంత కోపిష్ఠివాడు కదలకుండా ఒళ్ళప్పగించాడు. స్కూలయ్యాక ఇవానియా వచ్చి ఆరింటిదాకా చూసింది. ఆకలేస్తోంది అంటే, అన్నం, చిక్కుడు గింజలు కలిపి వేయించి గాయోపింతో పెట్టాను.

మార్చి 22

సూట్‌కేసులు సర్దాను. ఎవెనోర్ రెండు సార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాడు. మనిషికి నోరిచ్చింది ఎందుకో.

మార్చి 23

పదింటికి దోన్ విల్‌ఫ్రెదో వచ్చి చేపల కోసం డ్రమ్ములు దించాడు. ఇవానియా పిన్ని ఇంటి నుంచి బట్టల బ్యాగుతో తిరిగొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పోయినసారి, అమ్మ పోయినప్పుడు, ఈ ఇంట్లోంచి అన్నీ మోసుకెళ్తే నన్నెవరూ అడగలేదు, ఈసారి అడగండి, అంది. పాపం ఆయన టోపీ తీసి, నుబియానీ చేపల్నీ తీసుకెళ్ళమంటావా అని అడిగాడు.

వద్దంది.

ఆయన కాఫీ తాగి, ఖాళీ డ్రమ్ములేసుకుని మసాయా వెళ్ళిపోయాడు.