విప్పొద్దన్న నాచు మూట

కినాషి, మార్చి 9

ఏమండీ, ఇక్కడ అందరం కులాసా. మీ నడుము నొప్పి ఎలా ఉందో రాయండి.

మీరొచ్చేదాకా విప్పొద్దన్న నాచు మూట విప్పాను. వేళ్లు పుట్టాలని బెరడు తీసి, నాచు చుట్టి మీరు గాలి అంటు కట్టిన పైన్ కొమ్మ దగ్గరికి మీ తమ్ముడు కజుమ రంపం పట్టుకొచ్చాడు. "రెండేళ్లయింది వదినా, ఇంకా వేళ్లేంటి, అన్నయ్య పిచ్చిగానీ! కోసి పొయ్యిలో పెడదాం" అన్నాడు. నాకు ఒళ్లు మండి అతని ముందే విప్పాను. నాచు నిండా తెల్లటి వేళ్లండీ! కజుమ రంపం కింద పెట్టేశాడు. తడి ఆరకముందే మళ్లీ కట్టేశాను.

ఆ కొమ్మను నాటడానికి లోతు తక్కువ నీలం కుండీ ఎక్కడ పెట్టారు? ఆసుపత్రిలో ఊరగాయ తగ్గించండి. డాక్టరు గారికి నా నమస్కారాలు.

తల్లిచెట్టు నుంచి ఆ కొమ్మను కోసేది మీ చెయ్యే. అందుకే రంపం దాచేశాను. తిట్టాలనుంటే ఇంటికొచ్చి తిట్టండి.

మీ ఫుమియే