శాలిబండ తెలుగు క్లాసు

3 జూన్ 1957, సోమవారం

ఇవాళ్టి నుంచి సాయంత్రం క్లాసు నాది. శాలిబండలోని బడిలో, ఆరు నుంచి ఏడున్నర దాకా. విద్యార్థులంతా నాకంటే పెద్దవాళ్ళు, ఉర్దూలో ఫైళ్ళు రాసి రాసి జుట్టు నెరిసిన గుమాస్తాలు. ఇక ఆఫీసు పనికి తెలుగు రావాలట. డిసెంబరులో పరీక్ష. ముప్పై ఒక్కమంది వచ్చారు. అక్షరమాల మొత్తం ఒకేసారి బోర్డు మీద రాసేశాను. బాగానే జరిగిందనుకుంటున్నాను.

14 జూన్

సవర్ణదీర్ఘ సంధి. పందొమ్మిది మంది. ఇద్దరు నిద్రపోయారు.

20 జూన్

నిన్న ఏం చేశారో నాలుగు వాక్యాల్లో చెప్పమన్నాను. అమరనాథ్ గారు లేచారు. ధూల్‌పేట్‌లో ఉంటారు, యాభై రెండేళ్ళు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. అక్షరాలు ఇంకా పట్టుబడలేదు కాబట్టి తెలుగు మాటల్నే ఉర్దూ లిపిలో రాసుకొచ్చారు. షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, కాగితం రెండు చేతులతో పట్టుకుని చదివారు. నిన్న నేను బజార్‌కు పోయిన, మస్తు భీడ్ ఉండె, నా బిడ్డకు గాజులు తెచ్చిన, అని.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఇది తెలుగు కాదండీ, కిచిడీ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వబోయారు, కుదరలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

21 జూన్

అమరనాథ్ గారు రాలేదు.

28 జూన్

ఎనిమిది మంది.

అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది, ఏందిరా మొఖం గట్ల పెట్టినవ్, క్లాసుల ఏమన్న లొల్లి అయిందా అని. ఏం లేదన్నాను. అమ్మ మాట్లాడేది అమరనాథ్ గారి తెలుగే. నేను మాట్లాడిందీ అదే, ట్రైనింగ్ కోసం కోస్తా వైపు వెళ్ళేదాకా. అక్కడ హాస్టల్లో నా "పోయిన, వచ్చిన" విని పడీపడీ నవ్వారు. మూడు నెలల్లో నాలుక మార్చుకున్నాను. ఆ నవ్వు ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. తెలిసే నవ్వాను.

30 జూన్, ఆదివారం

సైదాబాద్ నుంచి ధూల్‌పేట్ దాకా సైకిల్ మీద వెళ్ళాను. క్షమించమని అడగాలని. అమరనాథ్ గారి భార్య సుశీలమ్మ మంచినీళ్ళిచ్చి, గాయన పుస్తకం సందూక్ పెట్టెల పెట్టిండు మాస్టర్ సాబ్ అంది. అడగాల్సిన మాట నోట్లోంచి రాలేదు. ఎందుకు రావడం లేదని మాత్రం అడిగాను, తప్పు ఆయనదైనట్టు.

ఆయన కోప్పడలేదు. బీరయ్య అనే రైతు భూమి విషయమై తెలుగులో అర్జీ తెచ్చాడట. "నాకు చదవరాదని చెప్పనీకి షరమ్ అయింది సారూ. రేపు రా అన్న. మల్ల రేపు రా అన్న. పాపం, మూడుసార్లు తిరిగిండు. నాకు సంధులు ఎందుకు? బీరయ్య అర్జీ చదువుడు నేర్పుండ్రి, చాలు," అన్నారు.

దాని నకలు తెమ్మన్నాను.

9 జూలై

పుస్తకం మూసేశాను. ఎవరికేం చదవాలనుందో అదే తెమ్మన్నాను. పెళ్ళి పత్రిక ఒకరు, కోడలి ఉత్తరం ఒకరు, గోడ మీంచి చింపుకొచ్చిన సినిమా పోస్టర్ ఒకరు. అమరనాథ్ గారు అర్జీ మొత్తం వేలుపెట్టి చదివారు. ఇరవై ఐదు నిమిషాలు. తప్పులు దిద్దింది పక్కవాళ్ళే. నేను గోడకానుకుని నిలబడ్డాను. నోరు మూసుకుని ఉండటం ఇంత కష్టమని తెలియదు.

22 ఆగస్టు

ముప్పై నలుగురు. మానేసినవాళ్ళు తిరిగొచ్చారు, ఫ్రెండ్స్‌ని తీసుకుని. ఏడున్నరైనా లేవరు. బీరయ్య పని అయిందట. జవాబు అమరనాథ్ గారే సొంతంగా రాశారు.

17 సెప్టెంబర్

ఇన్‌స్పెక్షన్. ఇస్త్రీ మడత నలగని అధికారి ఒకాయన వచ్చి ఎవరైనా మాట్లాడమన్నారు. అమరనాథ్ గారు ఉత్సాహంగా లేచి, అర్జీ నేనే చదివిన సాబ్, జవాబ్ నేనే రాసిన అన్నారు. అధికారి నా వైపు తిరిగి, ఇదేం తెలుగండీ అని నవ్వారు.

నేనన్నాను: మొద్దులండీ, ఎంత చెప్పినా అంతే.

అందరికీ వినపడేలా అన్నాను. ముప్పై మూడు తలలు ఒక్కసారిగా పుస్తకాల్లోకి వంగాయి. అమరనాథ్ గారు మాత్రం నిలబడే ఉన్నారు, కూర్చోమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

18 సెప్టెంబర్

జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు.

24 సెప్టెంబర్

రిపోర్టు వచ్చింది. మందబుద్ధులకు సైతం ఓపికగా బోధిస్తున్న ఉపాధ్యాయుడు అని రాశారు. హెడ్మాస్టరు, కంగ్రాట్స్ వైకుంఠం అంటూ చెయ్యి కలిపారు. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

సాయంత్రం దాన్ని క్లాసులో గట్టిగా చదివాను. ఆ మాట ముందు అన్నది నేనే, మీకు తెలుసు, అన్నాను. తర్వాత ఏడేళ్ళుగా ఇంటి బయట మాట్లాడని మాట వచ్చింది: "నౌకరీ పోతదని భయపడ్డ. తప్పు చేసిన. మా అమ్మ గూడ మీ లెక్కనే మాట్లాడతది. గది గూడ దాచిపెట్టిన."

ఎవరూ నవ్వలేదు. పర్వాలేదని కూడా ఎవరూ అనలేదు.

25 సెప్టెంబర్

అమరనాథ్ గారు నన్నడగకుండానే చాక్‌పీస్ తీసుకున్నారు. అందరూ కలిసి అధికారికి అర్జీ రాస్తున్నారు. మొదటి వాక్యం: "మేము మొద్దులం కాము."

మొద్దులో ద వత్తు సరిగ్గా ఉన్నదా అని నన్నడిగారు.

ఉందన్నాను.