మధ్యలో కొట్టిన చప్పట్లు

వాటర్లూ, శనివారం రాత్రి

మా బేస్‌మెంటులో అద్దెకుండే సింధు ఇవాళ నన్ను తన యూనివర్సిటీలో పియానో కచేరీకి తీసుకెళ్లింది. ముందుగా ఒకాయన, ఇవాళ వాయించే సంగీతం కట్టిన పాతకాలపు సంగీతకారుడి జీవితం గురించి ఇంగ్లీషులో చెప్పాడు. సింధు నా చెవిలో తెలుగు చేసింది. "ఆయనకు మస్తు సిగ్గంట తాతా, మీలెక్కనే. దోస్తుల ఇండ్లల్లనే వాయించేటోడంట."

మొదటి భాగం ఆగగానే, మా ఊరి హరికథలో పాట ఆగినప్పుడల్లా కొట్టినట్టు గట్టిగా చప్పట్లు కొట్టాను. అన్ని భాగాలూ అయ్యాకే కొట్టాలట. తలలన్నీ నావైపు తిరిగాయి. ఇక ఇల్లు కదలకూడదనుకున్నాను.

అంతలో పక్కనుంచి సింధు కూడా కొట్టింది.

బయటికొచ్చాక అడిగాను. "మధ్యలో కొట్టకూడదని నీకు తెలుసు కదమ్మా?"

"తెలుసు తాతా. మీరొక్కరే కొడితే ఏం బాగుంటది?"

వచ్చే వారం కచేరీకి కూడా వస్తానన్నాను. చేతులు ఊరుకుంటాయో లేదో... ఆ సిగ్గరి సంగీతకారుడికీ ఇలాంటి దోస్తులే ఉండి ఉంటారు.