మలుపు కాడ తెగిన మాట

తమ్ముడూ యూసుఫ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నమాజు చదివి, నీకోసం దువా చేసి కర్ణాటక సరిహద్దు దగ్గరి నాగల్‌గిద్ద బస్సెక్కాను. ఫోన్లు తెగిపోయే ఆ మలుపు దగ్గర ఇవాళ కొత్త సెల్ టవర్ ప్రారంభిస్తున్నారని విన్నాను.

నువ్వు ఆటో తీసుకుని అటు పోతే నీ ఫోన్ కర్ణాటక టవర్‌ను పట్టుకునేది. మేం చేస్తే రికార్డు గొంతు కన్నడంలో పలికేది. అమ్మీ ఆ గొంతునే తిట్టేది: "ఎవతివే నువ్వు? నా కొడుక్కు ఫోనియ్యి!"

కదిలే ఫోన్‌ను ఒక టవర్ వదిలేలోపే ఇంకోటి అందుకోవాలని అక్కడ టవర్ పని చూసే మనిషి చెప్పాడు. "ఈడ అందుకునేటిది లేకుండె. గందుకే కట్ అయితుండె," అని నవ్వాడు.

నువ్వు పోయిన రోజు, ఛాతీ నొప్పితో ఆటోలో వస్తూ నువ్వు చేసిన ఫోన్ అక్కడే తెగింది. "ఆపా, దవాఖానల..." అన్నంతవరకే విన్నాను. ఎవరికేమైందో తెలియక మళ్లీ మళ్లీ చేస్తే కన్నడ గొంతే వచ్చింది.

టవర్ కోసం మనం పెట్టిన అర్జీలను ఏనాడూ చూడని లీడరు ఇవాళ మెడలో దండతో మొదటి ఫోన్ చేశాడు. "హలో, ఇనవడుతుందా?" అని అరిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను చూసి, "ఇగ మీ తమ్ముని ఆత్మ శాంతిస్తది," అన్నాడు. నేను బస్సు వైపు నడిచాను.

తిరుగు బస్సులో చెల్లె ఫోన్ చేసింది. సరిగ్గా ఆ మలుపులో "ఆపా, తిన్నవా?" అంది. ఒక్క అక్షరం పోలేదు. ఇంత సులువైన పనా ఇది అనిపించి ఒళ్లంతా రోత పుట్టింది.

ఫోన్ నేనే కట్ చేశాను.

నీ ఆపా