వెనక సీటుకి పెడళ్లు

నాంపల్లి,
12-6-1963

అక్కా,

ఊళ్లో నువ్వు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ బావకు దమ్ము ఎక్కువైంది, ఎత్తు ఎక్కితే ఊపిరాడట్లేదు. రిక్షా తొక్కొద్దని దవాఖానలో చెప్పారు. అందుకే వెనక కూర్చునే సవారీకి కూడా పెడళ్లు బిగించాను. ఎత్తు వచ్చినప్పుడు ఇద్దరూ తొక్కితే బావకు సగం కష్టం తప్పుతుంది.

నిన్న నేనే నడిపి చూశాను. అబిడ్స్ పోస్టాఫీసుకని ఎక్కినాయన "కిరాయి నేనే ఇయ్యాలె, నేనే తొక్కాల్నా?" అని మధ్యలో దిగిపోయాడు. బావైతే "సవారీని తొక్కమని ఏ మొఖం పెట్టుకొని అడుగుతర్రా?" అని కసిరాడు. ఆదివారం రిక్షా అమ్మేస్తాడట. అమ్మితే ఆయనకు వేరే పని రాదు.

ఆలోపే రా అక్కా. సవారీగా నువ్వెక్కు. ఎత్తు దగ్గర చప్పుడు చేయకుండా తొక్కు. ముందున్నాయనకు వెనక కాళ్లు కనబడవు. పైకెక్కినాక "ఇయ్యాల దమ్ము రాలేదేంది?" అని ఆయనే అడుగుతాడు. అప్పుడు చెప్పు.

నీ తమ్ముడు